కాక్టస్ పెంపకము

నీరు సమృద్ధిగా ఉన్నచోట మొక్క పెరుగుట వింత కాదు. నీరు లేనిచోట బ్రతుకుటయే వింత. ఆ విద్యలో ఆరితేరినది కాక్టస్. తెలుగువారు నాగజెముడు అనియు, ఉర్దూవారు నాగ్‌ఫనీ అనియు పిలుచు మొక్క ఈ కుటుంబములోనిదే. రెండు పేర్లలోను కనిపించునది పాము పోలికయే. అమెరికా ఖండముల నుండి వచ్చిన ఈ మొక్క దక్షిణ భారతమున భూములను ఆక్రమింపగా, 1926లో సింహళము నుండి తెచ్చిన కొచినీల్ జాతి పురుగు దానిని అదుపు చేసినది.

ముళ్ళున్న ప్రతి మొక్క కాక్టస్ కాదు. గిల్లినచో తెల్లని పాలు కారు జెముళ్ళు వేరు కుటుంబమునకు చెందినవి. కాక్టస్ ముళ్ళు చిన్న దూది దిండు వంటి మచ్చ నుండి మొలచును. ఆ ముళ్ళు ఆకుల మారురూపములే. కాండము నీటిని దాచుకొనును. ఇతర మొక్కల వలె పగలు గాక, ఇది రాత్రి చల్లదనమున పత్రరంధ్రములను తెరచి గాలిని గ్రహించును. అందుచే నీరు వృథా కాదు.

సంతోష్‌నగర్ డాబాలపై ఈ మొక్కకు ముప్పు ఎండ కన్న వాన వలననే ఎక్కువ. హైదరాబాదున ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వర్షము కురియును; అందు అధికభాగము జూన్ నుండి సెప్టెంబరు వరకే. కావున ఆ నాలుగు నెలలు కుండీని సజ్జ క్రింద, వెలుతురు తగులు చోట ఉంచవలెను.

అడుగున రంధ్రము గల 4 అంగుళముల మట్టికుండీ చాలును. ఎర్రమట్టి ఒక పాలు, ఆకుఎరువు ఒక పాలు, ముతక ఇసుకయు ఇటుక ముక్కలును కలిపి రెండు పాళ్ళు వేయవలెను. నల్లరేగడి పనికిరాదు. మట్టి అడుగు వరకు ఆరిన పిదపనే నిండుగా నీరు పోయవలెను. పుల్ల గ్రుచ్చి తీసినప్పుడు తడి అంటినచో ఆగవలెను. శీతకాలమున మూడు వారములకొకసారి పోసిన చాలును. ఉదయపు ఎండ శ్రేష్ఠము. నీడలోని మొక్కను ఒక్కసారిగా ఏప్రిల్ ఎండలో పెట్టిన కాండము మాడును. తెల్లని పిండినల్లి పట్టినచో స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడువవలెను.

మొదలు మెత్తబడి గోధుమరంగు తిరిగినచో అది కుళ్ళు. అప్పుడు పైభాగమును మచ్చ లేని కండ కనబడు వరకు శుభ్రమైన కత్తితో కోసి, వారము రోజులు నీడలో ఆరనిచ్చి, పొడి ఇసుకలో నాటవలెను. మొక్క బ్రతుకుటకు అవకాశము ఉండును.

నర్సరీలలో ఎర్రని తల గల కాక్టస్ ముచ్చట గొలుపును. ఆ తలలో పత్రహరితము లేదు. క్రింద అంటుకట్టిన పచ్చని కాండమే దానిని పోషించును. ఆ కాండము కుళ్ళిన తలయు నిలువదు.

2015లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము, 1,478 కాక్టస్ జాతులలో 31 శాతము అంతరించు ప్రమాదమున ఉన్నవి. అమ్మకమునకై అడవిమొక్కలను పెకలించుట ఒక ముఖ్య కారణము. కనుక విద్యార్థి మిత్రులు నర్సరీలో విత్తనముతో పెంచిన మొక్కనే కొనవలెను. దానికి చేయదగిన సేవ నిత్యము నీరు పోయుట కాదు. దాని స్వభావము తెలిసికొని, పోయవలసిన నాడు మాత్రమే పోయుట.