పశువుల పాక పక్కన కూరగాయల మడి

పాడి పశువు గల ఇంట పెరటి తోటకు ఎరువు కొనవలసిన పని లేదు. పాక పక్కన పది అడుగుల స్థలం చాలు. అదీ లేనివారు పాత దాణా సంచుల అడుగున రంధ్రాలు చేసి, రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపుకోవచ్చును. పచ్చిపేడ వేయరాదు, చెద, వేరుపురుగు చేరుతాయి.

మట్టి, నీరు

పెద్దలు వేసవిలో చెరువు పూడికమట్టి తోలేవారు. కాజీపల్లిలో ఆ పద్ధతి పనికిరాదు. స్వీడన్ శాస్త్రవేత్తలు కాజీపల్లి చెరువును పరీక్షించగా, యాంటీబయాటిక్ మందులకు సూక్ష్మజీవులు లొంగకుండా చేసే జన్యువులు విస్తారంగా కనిపించాయని 2014లో ప్రకటించారు. పరిశ్రమల రసాయనాలు కాచి వడపోసినంత మాత్రాన పోవు. వేపకషాయం పురుగును ఆపగలదే గాని నీటిని బాగుచేయలేదు. కనుక చెరువు మట్టి, వాగు నీరు తోటకు వాడరాదు. తొలి వాన నీటిని వదిలివేసి, తరువాతి కప్పు నీటిని నిలువ చేసుకోవాలి. పది చదరపు మీటర్ల కప్పుపై ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 100 లీటర్లు వస్తాయి. బియ్యం కడిగిన నీరు కూడా పనికివస్తుంది.

ఏ కాలానికి ఏది

జూన్, జూలైలలో బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర. అక్టోబరు, నవంబరులలో టమాట, ముల్లంగి, మెంతి, పాలకూర, కొత్తిమీర. ఫిబ్రవరి నుండి తోటకూర, గోంగూర, దోస విత్తుకోవాలి.

పురుగుల నివారణ

అర కిలో వేపగింజల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి, పది లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం మూటను పిండి, వడకట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి, ఆనాటి సాయంత్రమే చల్లాలి. ఎండకు దాని గుణం తగ్గిపోతుంది. పేనుబంకకు ఆకులపై బూడిద చల్లవచ్చు. పేనుబంకను తినే అక్షింతల పురుగులను చంపరాదు. టమాట మధ్య బంతి నాటితే కాయతొలుచు పురుగు బంతిపై గుడ్లు పెడుతుంది. ఆ పూలు, గుడ్లు ఏరివేయాలి.

పాలకు సంబంధం

ముదిరిన తోటకూర, పీకిన తీగలు చివరకు గేదె ముందుకే చేరుతాయి. డి.డి.టి., బి.హెచ్.సి. వంటి మందులు మేత ద్వారా పశువు కొవ్వులో నిలిచి, పాలలోని వెన్నతో బయటకు వస్తాయి. బి.హెచ్.సి.ని 1997లో మన దేశంలో నిషేధించారు. ఏ విషపు మందు చల్లిన ఆకునూ పశువుకు వేయరాదు.

వానాకాలం ఆరంభంలో రాలే వేపపండ్లను ఏరి, కడిగి, గింజలను నీడన ఆరబెట్టి దాచుకుంటే చలికాలపు పంటకు సరిపోతాయి. సంఘ కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోయు వేళ సభ్యులకు చదివి వినిపించగలరు.