‘ఏటీ’ అని పిలిస్తే పలికే పెట్టె

"ఏటమ్మా, ఈయేళ కూడా నెట్టు నేదా?"

రేషన్ డిపో అరుగు మీద కూర్చున్న ముసలమ్మ నన్నడిగిన మాట ఇది. 2018 వానాకాలం. ముంచింగిపుట్టు దాటాక ఒడిశా సరిహద్దు వైపు ఒక చిన్న ఊరు. బియ్యం కోసం ఆవిడ కొండ దిగి రావడం ఆ వారంలో అది మూడోసారట. ఒళ్లో సంచీ ఖాళీగా ఉంది. లోపల ఈ-పాస్ మిషన్ తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. వేలిముద్ర పడితేనే బియ్యం, నెట్ ఉంటేనే వేలిముద్ర. సేల్స్‌మన్ కుర్రాడు తల దించుకుని, "నేనేం చెయ్యను అక్కా, నెట్ లేదు" అన్నాడు.

"నెట్ లేదు" అన్న మాట వింటే నాకు మనసు ఊరుకోదు. సిమ్ సరిగా కూర్చోకపోయినా నెట్ లేదంటాం. టవర్ అందకపోయినా అదే మాట. టవర్ అంది, లోపలికి రానివ్వకపోయినా అదే. అన్నీ కుదిరి, సెట్టింగ్‌లో ఒక్క పేరు తప్పు పడినా అదే. పది రకాల జబ్బులకి ఒకటే పేరు పెట్టుకుంటే మందు ఎలా దొరుకుతుంది? ఏ జబ్బో తెలియాలంటే మోడెమ్‌నే అడగాలి. అడిగితే అది చెబుతుంది. ఆ అడిగే పద్ధతి గురించే ఈ వ్యాసం.

ముందు కూత, తర్వాత మాట

మోడెమ్ అంటే కంప్యూటర్ మాటని తీగ మీదనో గాలిలోనో వెళ్లగలిగే రూపంలోకి మార్చి పంపి, అవతలి నుంచి వచ్చినదాన్ని మళ్లీ కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే పెట్టె. మీ సెల్‌ఫోన్ లోపలా ఒకటుంది. డాంగిల్‌లో, రేషన్ మిషన్‌లో, లారీలకి బిగించే జీపీఎస్ పెట్టెలో, పొలాల్లో నిలబెట్టిన వాతావరణ కేంద్రాల్లో కూడా ఉంటుంది. దానితో మాట్లాడటానికి బొమ్మలూ బటన్లూ అక్కర్లేదు. అక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొడితే చాలు. ప్రతి మాటా ఇంగ్లిష్ అక్షరాలు ఏ, టీలతో మొదలవుతుంది. ‘అటెన్షన్’ అన్న మాటకి పొట్టి రూపం అది. ఒట్టి ‘ఏటీ’ అని కొడితే, మోడెమ్ మెలకువగా ఉంటే ‘ఓకే’ అని జవాబిస్తుంది.

మా వైపు పిల్లలకి ఇది చెప్పడం చాలా తేలిక. మా యాసలో ‘ఏటి’ అంటే ‘ఏమిటి’. అది విని నవ్వుతారు, ఇక మరిచిపోరు. ఇంకో పోలిక కూడా చెబుతాను. లోయకి అవతల పోడులో పని చేసుకుంటున్న మనిషికి కబురు చెప్పాలంటే నేరుగా చెప్పం. ముందు ఒక కూత వేస్తాం. అవతలి నుంచి కూత వచ్చాకే అసలు మాట. ‘ఏటీ’ అలాంటి కూతే.

ఆ రెండక్షరాలనే ఎంచుకోవడంలో ఒక తెలివి ఉంది. కంప్యూటర్ అక్షరాలని మోడెమ్‌కి ఎంత వేగంతో పంపుతోందో మోడెమ్‌కి ముందుగా తెలియదు. తీగ మీద ప్రతి అక్షరానికీ ముందు ‘మొదలైంది’ అని చెప్పే ఒక సున్నా వస్తుంది. ‘ఏ’ అక్షరం సంకేతంలో మొట్టమొదట వచ్చేది ఒకటి. అంటే ఆ సున్నా సరిగ్గా ఒక్క బిట్ సేపే ఉంటుంది. అది ఎంతసేపు ఉందో కొలిస్తే వేగం తెలిసిపోతుంది. ఇక ‘ఏ’లో ఒకట్లు రెండు, సరి సంఖ్య. ‘టీ’లో మూడు, బేసి. ఒకటి సరి, ఒకటి బేసి కాబట్టి, తప్పులు పట్టుకోవడానికి పంపే అదనపు బిట్‌ని ఎలా వాడుతున్నారో కూడా మోడెమ్ తేల్చుకోగలదు. అందుకే పాత మోడెమ్‌లకి రెండూ పెద్ద అక్షరాలుగానో రెండూ చిన్న అక్షరాలుగానో కొట్టాల్సి వచ్చేది. కలిపి కొడితే రెండూ సరో రెండూ బేసో అయిపోయి లెక్క తప్పేది.

వంటి నిండా చెవులున్న పెట్టె

ఈ భాష 1981లో పుట్టింది. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి చెందిన డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ అనే ఇద్దరు ‘స్మార్ట్‌మోడెమ్’ని తెచ్చారు. దాని వేగం సెకనుకు 300 బిట్లు, అంటే సుమారు 30 అక్షరాలు. అంతకుముందు చాలాచోట్ల మనిషి చేత్తో నంబరు తిప్పి, అవతల కీచుమన్నాక రిసీవర్‌ని రబ్బరు గిన్నెల్లో బోర్లించేవాడు. హేస్ పెట్టె వచ్చాక ఆ పని కంప్యూటరే చేసింది. ‘ఏటీడీ’ అంటే డయల్ చెయ్యి, ‘ఏటీహెచ్’ అంటే పెట్టేయి, ‘ఏటీజెడ్’ అంటే మళ్లీ మొదటికి రా.

ఇక్కడొక చిక్కుంది. కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య ఉన్నది ఒకే దారి. ఆజ్ఞలూ అందులోనే వెళ్లాలి, ఉత్తరాలూ అందులోనే వెళ్లాలి. అవతలివాళ్లతో కలిశాక వచ్చేదంతా ఉత్తరమే అనుకుని మోడెమ్ మోసుకుపోతుంది. మధ్యలో దానితోనే మాట్లాడాలంటే ఎలా? మూడు ప్లస్ గుర్తులు వరసగా కొట్టాలి. అయితే వాటికి ముందు ఒక సెకను, తర్వాత ఒక సెకను ఏమీ కొట్టకుండా ఆగాలి. ఉత్తరం మధ్యలో మూడు ప్లస్‌లు వచ్చినా అటూ ఇటూ అక్షరాలు తోసుకొస్తుంటాయి కాబట్టి పొరబాటు పడదు. ఆ మౌనం వల్లే ‘ఈ మాట నాకే’ అని మోడెమ్‌కి తెలుస్తుంది. ఈ ఉపాయానికి హెదరింగ్టన్ పేరున 1985లో పేటెంట్ కూడా వచ్చింది.

హేస్ కంపెనీ 1990ల చివర దివాలా తీసి మూతపడింది. భాష మాత్రం బతికింది. పోటీ కంపెనీలు చాలావరకు దాన్నే అనుసరించాయి. తర్వాత సెల్‌ఫోన్ల ప్రమాణాలు రాసినవాళ్లు కూడా కొత్త భాష కనిపెట్టకుండా, ‘ఏటీ’ పక్కన ప్లస్ గుర్తు పెట్టి కొత్త మాటలు చేర్చుకున్నారు.

నాకు అక్షరాభ్యాసం

మన దేశంలో సామాన్యులకి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా మొదలైంది. నా దగ్గరికి చేరడానికి ఆరేళ్లు పట్టింది. అరకులో నాకు ఒక ఎస్టీడీ బూత్ ఉండేది. 2001లో అప్పు చేసి ఒక పాత కంప్యూటర్, దానితోపాటు బయట పెట్టుకునే మోడెమ్ కొన్నాను. టెంత్ ఫలితాలు నెట్‌లో చూపిస్తానని ఊరంతా చెప్పుకున్నాను.

మొదటి రోజే ‘నో డయల్‌టోన్’ అని వచ్చింది. రిసీవర్ ఎత్తి చెవిన పెట్టుకుంటే టోన్ చక్కగా వినిపిస్తోంది. తీగ మార్చాను, గోడ సాకెట్ మార్చాను. మోడెమ్‌ది మళ్లీ అదే మాట. నాలుగు రోజులు ఏడుపొక్కటే తక్కువ. చివరికి విశాఖలో ఒక రిపేరు షాపు పెద్దాయనకి ఫోన్ చేస్తే ఒక్క మాటన్నారు: "డయల్ చేసే ముందు ‘ఏటీఎక్స్3’ అని పెట్టండమ్మా."

కంప్యూటర్‌లో అక్షరాలు కొట్టే టెర్మినల్ తెరిచి ఏటీ కొట్టాను. ఓకే. ఏటీఎక్స్3 కొట్టాను. ఓకే. ఏటీడీ అని నంబరు కొట్టగానే టకటకా డయల్ చేసింది. అవతల కీచుమంది, గరగరమంది, తెర మీద ‘కనెక్ట్’ అని పడింది. ఆ రోజు బూత్‌లో ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు.

కారణం తర్వాత తెలిసింది. అమెరికా డయల్ టోన్‌లో 350, 440 హెర్ట్జ్ స్వరాలు రెండు కలిసి మోగుతాయి. మన దేశంలోది 400 హెర్ట్జ్ స్వరం, 25 హెర్ట్జ్‌తో వణుకుతూ వస్తుంది. అక్కడి చెవితో వచ్చిన మోడెమ్‌కి మన టోన్ టోన్‌లా వినిపించలేదు. ‘ఏటీఎక్స్3’ అంటే ‘టోన్ కోసం కాచుకోకు, డయల్ చేసెయ్’ అని. తప్పు లైన్‌ది కాదు, మోడెమ్‌ది కాదు, నాదీ కాదు. లైనూ మోడెమూ ఒకరి మాట ఒకరికి తెలియకుండా ఎదురుపడ్డారు. ఒక చిన్న మాటతో సర్దుకున్నారు. అప్పటి నుంచీ ‘పనిచెయ్యట్లేదు’ అని నేను ఊరుకోలేదు. ఎక్కడ ఆగిందో అడిగాను.

మెట్టు మెట్టుగా అడగాలి

మళ్లీ డిపో అరుగు మీదికి వెళదాం. నా సంచీలో ల్యాప్‌టాప్, పాత యూఎస్‌బీ డాంగిల్ ఉన్నాయి. మిషన్‌లోని సిమ్ తీయించి డాంగిల్‌లో వేశాను. టెర్మినల్ తెరిచాను. ముసలమ్మ నా పక్కకి జరిగి కూర్చుంది.

మొదట, ఏటీ. జవాబు: ఓకే. అంటే డాంగిల్ మెలకువగా ఉంది.

రెండోది, ఏటీ+సీపిన్? అంటే సిమ్ బాగుందా, తాళం ఏమైనా వేసి ఉందా అని. జవాబు: రెడీ. సిమ్ బాగుంది.

మూడోది, ఏటీ+సీఎస్‌క్యూ. సిగ్నల్ ఎంత? దీనికి 0 నుంచి 31 వరకూ ఒక అంకె వస్తుంది. 99 వస్తే తెలియడం లేదని. ఆ అంకెని రెండింతలు చేసి 113లోంచి తీసేస్తే, మిగిలినదానికి ముందు మైనస్ పెట్టుకోండి. ఇంజినీర్లు డీబీఎం అని చెప్పే లెక్క అదే. మాకు 17 వచ్చింది, అంటే మైనస్ 79. ఆ కొండల్లో అది మంచి సిగ్నలే. కుర్రాడు ఆశ్చర్యపోయాడు. "మరి నెట్ ఎందుకు లేదక్కా?"

నాలుగోది, ఏటీ+సీరెగ్? అంటే నెట్‌వర్క్ నిన్ను లోపలికి రానిచ్చిందా అని. 1 వస్తే సొంతింట్లో ఉన్నట్టు. 2 వస్తే వెతుకుతోంది. 3 వస్తే కాదు పొమ్మన్నారు. 5 వస్తే పొరుగింట్లో ఉన్నట్టు, అంటే రోమింగ్. మాకు వచ్చింది 5.

జబ్బు దొరికింది. ఆ ఊరి ముందు లోయ ఒడిశా వైపు తెరుచుకుని ఉంటుంది. రేడియో తరంగాలకి కొండ గోడలాంటిది, లోయ వాకిలిలాంటిది. మన వైపు టవర్‌కి కొండ అడ్డం. అవతలి రాష్ట్రం టవర్ నేరుగా కనిపిస్తుంది. సిమ్ దాన్నే పట్టుకుంది. కానీ రోమింగ్‌లో ఆ సిమ్‌కి డేటా ఇవ్వలేదు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ సున్నా. అంతకుముందు "నెట్ లేదు" అని ఫిర్యాదు చేస్తే "సిగ్నల్ బాగానే ఉంది" అని జవాబొచ్చిందట. ఇద్దరూ నిజమే చెప్పారు, కానీ ముసలమ్మ సంచీ నిండలేదు.

ఐదోది, ఏటీ+కాప్స్=? అని కొట్టాను. చుట్టూ ఏయే నెట్‌వర్క్‌లు వినిపిస్తున్నాయో చెప్పమని. నిమిషం పైనే పట్టవచ్చు, ఓపిక పట్టాలి. జాబితాలో మన రాష్ట్రం నెట్‌వర్క్ కూడా ఉంది, నీరసంగా. ఏటీ+కాప్స్ మాటతోనే దాని కోడ్ అంకె ఇచ్చి ‘దీన్నే పట్టుకో’ అని డాంగిల్‌కి చెప్పాను. ఇక ల్యాప్‌టాప్ చేతుల మీద పెట్టుకుని డిపో చుట్టూ తిరిగాను. లోపల రేకుల గదిలో 3. అరుగు మీద 4. వెనక వసారాలో, పనస చెట్టు పక్కన, 11. సీరెగ్ అడిగితే 1.

సిమ్ మళ్లీ మిషన్‌లో వేశాం. సెట్టింగ్‌లో నెట్‌వర్క్‌ని ‘ఆటోమేటిక్’ నుంచి మార్చి మనది ఎంచాం. బల్లని వెనక వసారాలోకి మోశాం. ముసలమ్మ వేలు తుడుచుకుని పెట్టింది. మొదటిసారి పడలేదు. రెండోసారి పడింది.

జాగ్రత్తలూ, రేపటి సంగతీ

ఈ మాటల్లో అడిగేవి ఉన్నాయి, మార్చేవి ఉన్నాయి. అడిగేవాటితో మొదలుపెట్టండి. ఏదైనా మార్చే ముందు పాత విలువ కాగితం మీద రాసుకోండి. ముఖ్యంగా సిమ్ పిన్‌తో ఆటలొద్దు. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అనే, తాళం విప్పే అంకె అడుగుతుంది. అది పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. ఇతరుల పరికరాన్ని వాళ్ల అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

ఇప్పుడు మా కొండలకి టవర్లు వస్తున్నాయి. 2022లో మాది పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. అదే ఏడాది జూలైలో, సెల్ అందని 24,680 గ్రామాలకి 4జీ ఇచ్చేందుకు 26,316 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం ఆమోదించింది. 2023 జూన్‌లో రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాల కోసం ఒకేసారి 100 టవర్లు ప్రారంభమైతే, వాటిలో 85 మా జిల్లావే. సంతోషం. కానీ టవర్ నిలబడినంత మాత్రాన ప్రతి గూడెంలోకీ నెట్ వచ్చినట్టు కాదు. కొండ వంపు తిరిగితే లెక్క మారిపోతుంది. ఆ లెక్క అక్కడ బతికే మనుషుల చేతిలో ఉండాలని నా కోరిక. "నెట్ లేదు" అని రాసిన అర్జీని పక్కన పెట్టడం సులువు. "ఫలానా గూడెం బడి దగ్గర సీఎస్‌క్యూ 4, సీరెగ్ 2" అని రాస్తే ఎవరైనా దాన్ని చదవాలి, వచ్చి చూడాలి.

నా పాత డాంగిల్‌ని ఆ డిపోలోనే వదిలి వచ్చాను. ఒక ఓటీజీ వైరుతో దాన్ని ఫోన్‌కి తగిలించడం కుర్రాడికి నేర్పాను. ఐదు మాటలూ తెలుగులో రాసిచ్చాను. మూడు నెలల తర్వాత అటు వెళ్తే, బియ్యం, పంచదార నిల్వలు రాసే నల్లబోర్డు మీద కింద ఒక గడి కొత్తగా కనిపించింది. సుద్దముక్కతో ఆ రోజు తారీఖు, పక్కన ‘సిగ్నల్ 11, ఇల్లు 1’ అని ఉంది. సీరెగ్ అన్న మాట జనానికి అర్థం కాదని ‘ఇల్లు’ అని రాస్తున్నాడట. చదువు రాని వాళ్లు కూడా వస్తూనే ఆ గడిలో ఒకటి ఉందో లేదో చూసుకుని, అప్పుడే సంచీ కింద పెడుతున్నారని చెప్పాడు.