సెలవుల ఈతా.. పోటీల ఈతా?
పిల్లాడి సరదాకు, క్లబ్బు కోచింగ్‌కు మధ్య తల్లిదండ్రుల తికమక

తారానగర్: ఏప్రిల్ రెండో వారం దాటితే కర్ణాటక బడులకు సెలవులే. బళ్లారి ఎండ గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదింటికే రోడ్డు మీద కాలు పెట్టలేం. ఇక పిల్లల మనసంతా నీళ్ల మీదే. కన్నడంలో ‘ఈజు’ అన్నా, మనం ఈత అన్నా వాళ్లకు ఒకటే ఆట. అయితే పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి ఆ ఆటకు రెండు దారులు పడుతున్నాయి.

బావిలో నేర్చిన ఈత
మా తరం నేర్చింది బావుల్లోనే. నడుముకు ఎండు సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టి నీళ్లలోకి తోసేవాళ్లు. తాడు చివర పట్టుకుని మామ గట్టు మీద నిలబడేవాడు. రోజుకో బెండు తీసేసి, చివరికి తాడు కూడా విప్పేసేవాడు. ఫీజు లేదు, టైమింగ్ లేదు. ఎర్రబడ్డ కళ్లు చూసి ఇంట్లో అమ్మ వేసిన దెబ్బలే ఫీజు! బోర్లు వచ్చాక చాలా బావులు ఎండిపోయాయి. ఇప్పుడు నేర్చుకోవాలంటే పట్నంలో కొలను, సమ్మర్ క్యాంపు.

క్యాంపు తర్వాతే అసలు చిక్కు
పిల్లాడు కాస్త చురుగ్గా ఈదితే చాలు, ‘క్లబ్బులో వేయండి, పోటీలకు పనికొస్తాడు’ అన్న మాట వస్తుంది. అక్కడ ఈత వేరు. బావి ఈతలో తల నీళ్ల పైనే ఉంటుంది. ఫ్రీస్టయిల్‌లో ముఖం నీళ్లలో పెట్టి, పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవాలి. అంటే వచ్చింది మరిచి మళ్లీ మొదలుపెట్టాలి. దాని మీద బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై. పొద్దున, సాయంత్రం పొడవులు లెక్కపెట్టుకుంటూ ఈదాలి. నీళ్లు చల్లుకోవడం, డైవ్ కొట్టి కేకలేయడం అక్కడ కుదరదు.

పైగా క్లబ్బులు ఎక్కువ కష్టపెట్టేది సెలవుల్లోనే. జూనియర్ జాతీయ పోటీలు 2023లోనూ, 2024లోనూ ఆగస్టులోనే భువనేశ్వర్‌లో జరిగాయి. వాటికి సిద్ధం కావాలంటే ఏప్రిల్, మే నెలలే ఆధారం. అమ్మమ్మ ఊరు, పెళ్లిళ్లు, జాతర అన్నీ వదులుకోవాలి.

వదులుకుంటే ఫలితం ఉండదా అంటే, ఉంటుంది. బెంగళూరు అమ్మాయి ధీనిధి దేసింగు 14 ఏళ్లకే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈదింది. మన భారత బృందంలో అందరికన్నా చిన్నది ఆమే. అదే ఊరి శ్రీహరి నటరాజ్ టోక్యో, పారిస్ రెండింటికీ వెళ్లాడు. కానీ వాళ్లకు కొలను, కోచ్, క్లబ్బు అన్నీ ఉన్న ఊళ్లోనే దొరికాయి. సండూరు తాలూకా పల్లె నుంచి పోయే పిల్లాడికి బస్సులోనే సగం ఓపిక అయిపోతుంది. ఈ తేడా చూడకుండా పోల్చడం అన్యాయం.

భుజం నొప్పిని బద్ధకం అనుకోవద్దు
ఒకే ఆటను ఏడాది పొడవునా ఆడిస్తే భుజాలు పట్టేస్తాయి, మనసూ విసిగిపోతుంది. వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆటకు విరామం ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఎప్పటి నుంచో చెబుతోంది. ఆదివారం ఒక్కపూట వాచీ లేకుండా నీళ్లలో వదిలేస్తే పోటీలకు వచ్చే నష్టమేమీ లేదు. నా మట్టుకు, పిల్లాడే అలారం కన్నా ముందు లేస్తుంటే క్లబ్బు సరే. రోజూ తండ్రి లేపాల్సి వస్తుంటే ఇంకో సెలవుల వరకు ఆగడం మేలు.

ఇంకో మాట. కొలనులో ఈత వచ్చిందని నారిహళ్ల డ్యాంలోకో, తుంగభద్ర కాలువలోకో దూకనివ్వొద్దు. డ్యాంలో అడుగున బురద, కాలువలో లాగేసే ప్రవాహం. కొలనులో తెలిసిన లోతు, కాపలా మనిషి ఉంటారు. ఇక్కడ రెండూ ఉండవు. పతకం తెచ్చినవాడికైనా ఇదే వర్తిస్తుంది.

క్లబ్బు ఫీజు కట్టే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది ఒకటుంది. జూన్‌లో బడి తెరిచాక తెల్లవారుజామున ఐదింటికి పిల్లాడి వెంట ఎవరు వెళ్తారు? తిరిగొచ్చేసరికి మొదటి పీరియడ్ పోతే టీచర్‌కు ఎవరు చెబుతారు? పిల్లాణ్ని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.