స్లాబు మీద మడి కట్టేది ఎందుకు?

పాణ్యం సిమెంటు ఫ్యాక్టరీ పాణ్యంలో లేదు. 1955లో పుట్టిన కంపెనీ పేరులో ఊరుంది గానీ, కర్మాగారం బేతంచెర్ల దగ్గర సిమెంట్ నగర్‌లో ఉంది. సున్నపురాయి ఉన్న చోటికే ఫ్యాక్టరీ పోతుంది మరి. ఇటువైపు సున్నపురాయినే నీళ్లు తొలిచి బెలుం గుహలు చేశాయి. ఆ రాయిని కాల్చి చేసిన సిమెంటులోనూ నీళ్లకు దారులుంటాయి. కాకపోతే వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం.

స్లాబు వేసే రోజు చూడండి. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు పోస్తే నీళ్లు సిమెంటులో సగం, అంటే నిష్పత్తి 0.5. మాలు బిగుసుకుందని ఇంకో పది లీటర్లు కుమ్మరిస్తే 0.7. సిమెంటు తనలో కలుపుకునే నీళ్లు మాత్రం దాని బరువులో పావు వంతుకు కాస్త తక్కువే. మిగిలిన నీళ్లున్న చోటల్లా సన్నటి ఖాళీలు పడతాయి.

ఖాళీలు ఉన్నంత మాత్రాన స్లాబు కారదు. గట్టు తెగని వరిమడిలో నీళ్లు ఎన్నున్నా పక్క మడికి పోవు కదా! ఈ గట్ల లెక్కే కంప్యూటర్ చూస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో డేల్ బెంజ్ వంటివారు మిల్లీమీటరులో పదో వంతు ఉండే సిమెంటు ముద్దను పది లక్షల గళ్లుగా విడగొట్టారు. ఒక్కో గడిలో సిమెంటో, నీరో. రేణువు కరుగుతుంది, పక్క గడిలో గట్టిపడుతుంది. ఆనక నీటి గళ్ల మీదుగానే ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరగలమా అని వెతుకుతారు. ఖాళీలు సుమారు 20 శాతానికి దిగేసరికి దారి తెగుతుంది.

తడి ఆరకుండా ఉంచితే ఈ దారి తెగడానికి 0.45 నిష్పత్తికి వారం, 0.5కి రెండు వారాలు, 0.6కి ఆరు నెలలు, 0.7కి ఏడాది పడుతుందని పవర్స్ అనే పరిశోధకుడి బృందం 1959లోనే ప్రయోగాలతో తేల్చింది. 0.7 దాటితే దారి ఎప్పటికీ మూసుకోదు. ఆ పది లీటర్ల ఖరీదు అంత!

మేస్త్రీ స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపమనేది ఇందుకే. మన ఎండలకు మధ్యాహ్నానికే మడి ఆరిపోతే లోపల సిమెంటు గట్లు కట్టే పనీ ఆగుతుంది.

పగులు వచ్చిందా, ఈ గళ్ల లెక్క పనికిరాదు. పగులు వెడల్పు రెట్టింపైతే నీళ్లు ఎనిమిది రెట్లు దిగుతాయి.