పాత ఫోను కెమెరాతో మాట కలపడం

పాడైపోయి సొరుగులో పడున్న స్మార్ట్‌ఫోన్లో ఇంకా బతికున్న భాగం ఏదైనా ఉందంటే, చాలాసార్లు అది వెనక కెమెరాయే. బ్యాటరీ ఉబ్బుతుంది, చార్జింగ్ పోర్టు అరిగిపోతుంది, డిస్‌ప్లే పగులుతుంది. కెమెరా మాత్రం అద్దం వెనక భద్రంగా ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్ల కన్ను దాని మీద పడటంలో వింతేమీ లేదు. సొంతంగా చేసుకునే మైక్రోస్కోపుకో, పిట్టగూటి దగ్గర పెట్టే కెమెరాకో, రోబో బండికో ఇది పనికొస్తే బాగుండునని అనిపిస్తుంది. ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేసి, తర్వాత మాడ్యూల్‌ను ఊడదీయడం పెద్ద పనేం కాదు. చిక్కు అక్కడ మొదలవుతుంది. దాని మీద అర్థమయ్యే పేరుండదు, ఏ పిన్ను దేనికో రాసుండదు. సెన్సర్ పూర్తి డేటాషీట్‌ను తయారీ కంపెనీ సాధారణంగా గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లకే ఇస్తుంది.

ఇక మిగిలింది రివర్స్ ఇంజినీరింగ్. అంటే, ఫోను ఈ కెమెరాకు ఏ కరెంటు ఇచ్చేదో, ఏ ఆదేశాలు పంపేదో, బదులుగా ఏం అందుకునేదో మనంతట మనం కనిపెట్టడం. వినడానికి గూఢచారి పనిలా ఉన్నా, కావలసిన సమాచారంలో సగానికి పైగా ఇప్పటికే బయట ఉంది. ఎక్కడ వెతకాలో తెలియడమే ఇందులో అసలు విద్య.

మాడ్యూల్‌ను పైనుంచి కిందికి చూద్దాం. పైన చిన్న చిన్న ప్లాస్టిక్ కటకాల దొంతర. దాని చుట్టూ ఫోకస్ కోసం కటకాలను ముందుకీ వెనక్కీ కదిలించే తీగచుట్ట, అయస్కాంతాలు. కింద పరారుణ కాంతిని ఆపే పలచని ఫిల్టర్. దాని కింద సెన్సర్. సెన్సర్ కూర్చున్న బోర్డు నుంచి ఒక ఫ్లెక్స్ పట్టీ బయటికొచ్చి, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన కనెక్టర్ దగ్గర ఆగుతుంది.

ఈ సెన్సర్ సీమాస్ రకానిది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన సీసీడీ సెన్సర్లు మంచి చిత్రాలే ఇచ్చాయి గానీ, వాటి నుంచి వచ్చేది అనలాగ్ సంకేతం. దాన్ని అంకెల్లోకి మార్చడానికీ, సెన్సర్‌ను నడపడానికీ పక్కన మరికొన్ని చిప్పులు కావాలి. 1990ల మొదట్లో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫాసమ్ బృందం అభివృద్ధి చేసిన సీమాస్ యాక్టివ్ పిక్సెల్ పద్ధతితో ఆ పనులన్నీ ఒకే చిప్పులోకి వచ్చాయి. మన వరకు దీని ఫలితం చాలా పెద్దది. ఫోను కెమెరా నుంచి బయటికొచ్చేవి నేరుగా అంకెలే, కాబట్టి చేయాల్సిందల్లా దానితో డిజిటల్ సంభాషణ.

ఆ సంభాషణ కంటే ముందు కరెంటు సంగతి. మాడ్యూల్‌కు మామూలుగా మూడు రకాల వోల్టేజీ కావాలి. సెన్సర్‌లోని అనలాగ్ భాగానికి 2.8 వోల్టులు, బయటి సంకేతాలకు 1.8, లోపలి డిజిటల్ భాగానికి 1.2 దరిదాపుల్లో. చివరిది సెన్సర్‌ని బట్టి మారుతుంది, కొన్నింటికి 1.5. ఆర్డ్యూనో ఊనో పిన్నుల మీద ఉండేది 5 వోల్టులు. ఒక వోల్టేజీ సంకేతాన్ని మరో వోల్టేజీకి మార్చే లెవెల్ షిఫ్టర్ లేకుండా దాన్ని మాడ్యూల్‌కు కలిపితే సెన్సర్‌కు అదే ఆఖరి రోజు. ఈ పనిలో మాడ్యూళ్లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే అని నా అనుమానం.

ఏ పిన్నుకు ఏ వోల్టేజీ అన్నది కనిపెట్టడంలో మన మొబైల్ రిపేరు షాపుల వాళ్లను మించిన గురువులు లేరు. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లోనో మీ ఊరి బస్టాండు పక్కనో బోర్డు పని చేసే కుర్రాణ్ని గమనించండి. మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్‌ను గ్రౌండ్ మీద ఆనించి, నల్ల ప్రోబ్‌తో కనెక్టర్ పిన్నులన్నీ ఒక్కొక్కటే తడుముతాడు. సున్నా చూపిస్తే గ్రౌండ్. 0.3 నుంచి 0.7 మధ్య ఏదో విలువ వస్తే లోపల చిప్పు ఉన్నట్టు. ఏమీ రాకపోతే పిన్ను ఖాళీ, లేదా దారి తెగింది. అతను తెగిన లైను కోసం వెతుకుతాడు, మనం అదే పద్ధతితో లైను స్వభావం కోసం వెతుకుతాం. పక్కపక్కన ఉన్న రెండు పిన్నులు అచ్చు ఒకే విలువ చూపించి, వాటికి అటూ ఇటూ గ్రౌండ్ ఉంటే, అది చిత్రం బయటికొచ్చే డేటా జత అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. భూతద్దంలో చూస్తే కరెంటు లైన్లు కూడా పట్టుబడతాయి. వాటి దారిలో సెన్సర్ పక్కనే చిన్న కెపాసిటర్లు ఉంటాయి.

రిపేరు వాళ్ల దగ్గర మరో నిధి ఉంది. ప్రచారంలో ఉన్న చాలా ఫోన్ల స్కీమాటిక్‌లు, బోర్డు పటాలు చూపించే సాఫ్ట్‌వేర్‌లకు వాళ్లు చందా కడతారు. మీ ఫోను మోడల్ అందులో ఉంటే, కెమెరా కనెక్టర్ ఉన్న పేజీ ఒక్కటి చాలు, రోజుల తరబడి తడుముకునే పని తప్పుతుంది. ఫోను ఇంకా వెలుగుతూ ఉంటే మరీ మంచిది. కెమెరా యాప్ తెరిచి, బోర్డు మీద వోల్టేజీలు నేరుగా కొలుచుకోవచ్చు. డిస్‌ప్లే మాత్రమే పోయిన ఫోను ఈ పనికి బంగారం.

ఇంతకీ ఇదంతా చట్టం ఒప్పుకుంటుందా? 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో, న్యాయంగా కొనుక్కున్న ప్రోగ్రామ్ పనితీరును గమనించడానికీ, వేరే ప్రోగ్రామ్‌తో కలిపి పనిచేయించడానికి అవసరమైన సమాచారం రాబట్టడానికీ మినహాయింపులు ఉన్నాయి. ఇంట్లో మన సొంత మాడ్యూల్‌ను పరీక్షించుకోవడం ఒకటి, కనిపెట్టినదాన్ని సరుకుగా చేసి అమ్మడం ఇంకొకటి. రెండోదానికి దిగేవాళ్లు వకీలును అడగాలి.

కరెంటు సరిగా అందాక సెన్సర్‌కు ఒక గడియారపు సంకేతం కావాలి. సాధారణంగా 24 మెగాహెర్ట్జ్. ఆ తర్వాత రీసెట్ పిన్నును విడుదల చేయాలి. ఈ క్రమం తప్పితే చాలా సెన్సర్లు నోరు మెదపవు. మాడ్యూల్ చచ్చిందని తేల్చేసే ముందు ఈ రెండూ మరోసారి చూసుకోండి. ఆదేశాలు వెళ్లే దారి ఐ2సీ, రెండే తీగలు. దీని వేగం సెకనుకి మహా అయితే కొన్ని లక్షల బిట్లు కాబట్టి తీగల మీద వెళ్లే సంకేతాలను రికార్డు చేసే చవక లాజిక్ అనలైజర్ కూడా అందుకుంటుంది. కాకపోతే అలాంటి అనలైజర్లు 3.3, 5 వోల్టుల కోసం తయారైనవి. 1.8 వోల్టుల సంకేతాన్ని ఒకసారి ఒకటిగా, ఒకసారి సున్నాగా చదివి మతి పోగొడతాయి. ఇక్కడ కూడా లెవెల్ షిఫ్టర్ పెట్టుకోవాల్సిందే.

అంతా కుదిరితే, ఐ2సీ మీద ఒక్కో చిరునామానూ పలకరించినప్పుడు ఎక్కడో ఒకచోట జవాబొస్తుంది. సోనీ ఐఎమ్ఎక్స్219 అయితే హెక్సా (పదహారు ఆధారపు) లెక్కలో 10 దగ్గర, ఆమ్నివిజన్ ఓవీ5647 అయితే 36 దగ్గర. చిరునామాను కొందరు ఏడు బిట్లతో, కొందరు ఎనిమిది బిట్లతో రాస్తారు. ఓవీ7670కి ఒకచోట 42 అనీ, మరోచోట 21 అనీ కనిపించేది ఇందుకే. రెండూ ఒకటే. చిరునామా దొరికాక పేరు అడగాలి. సెన్సర్ లోపల సమాచారం, అమరికలు ఉండే చిన్న గడులే రిజిస్టర్లు. ఐఎమ్ఎక్స్219లో 0000, 0001 రిజిస్టర్లను చదివితే 02, 19 వస్తాయి. ఓవీ5647లో 300ఏ, 300బీ చదివితే 56, 47. చిప్పు తన మోడల్ నంబరును తానే చెప్పుకుంటుందన్నమాట. పేరు లేని ముక్కకు ఆ క్షణాన పేరొస్తుంది. నా మటుకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తృప్తినిచ్చేది ఇదే, ఆఖరున వచ్చే చిత్రం కూడా కాదు.

పేరు తెలిశాక వెతుకులాట కాగితం మీదికి మారుతుంది. సెన్సర్‌ను పనిలో పెట్టాలంటే పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ రిజిస్టర్లలో సరైన విలువలు రాయాలి. వాటిలో చాలావాటికి అర్థం కూడా ఎక్కడా రాసుండదు, ఊహించి రాబట్టడం అసాధ్యం. ఇక్కడ ఆదుకునేది లినక్స్. దాని కెర్నల్‌లో ఎన్నో ఫోను సెన్సర్ల డ్రైవర్లు పూర్తి పట్టికలతో సహా ఎవరైనా చదువుకునేలా ఉన్నాయి. ఐఎమ్ఎక్స్219 డ్రైవర్ తెరిస్తే ఒక చమత్కారం కనిపిస్తుంది. 30ఈబీ, 300ఏ, 300బీ అనే రిజిస్టర్లలో కొన్ని విలువలు ఒక వరసలో రాస్తే తప్ప 3000 నుంచి 5ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా ఉన్న కంపెనీ సొంత రిజిస్టర్లు తెరుచుకోవు. తలుపు తట్టే పద్ధతి తెలిసినవాడికే లోపలికి దారి. ఇలాంటిది తడుముకుంటూ ఎన్నేళ్లు కూర్చున్నా దొరకదు.

మీ సెన్సర్ లినక్స్ డ్రైవర్లలో లేకపోతే ఫోను కంపెనీ విడుదల చేసిన కెర్నల్ సోర్సు చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ లినక్స్ మీదే నడుస్తాయి. దాని జీపీఎల్ లైసెన్సు ప్రకారం కెర్నల్ సోర్సును కంపెనీలు అందుబాటులో పెట్టాలి. మీడియాటెక్ చిప్పు ఉన్న ఫోన్ల సోర్సులో సెన్సర్ల పట్టికలు నేరుగా కనిపించడం మామూలు. క్వాల్‌కామ్ ఫోన్లలో అవి చాలావరకు కెర్నల్ బయటి మూసిన లైబ్రరీల్లోకి వెళ్లిపోయాయి. రెండు పాత ఫోన్ల మధ్య ఎంచుకునే అవకాశం ఉంటే మీడియాటెక్ దాన్నే విప్పమంటాను. అదీ కుదరకపోతే, బతికున్న ఫోనులో కెమెరా తెరిచిన మొదటి క్షణాల్లో ఐ2సీ మీద వెళ్లే మాటలన్నీ లాజిక్ అనలైజర్‌తో రికార్డు చేసి, వాటినే మళ్లీ పలకడం మిగిలిన దారి.

పట్టిక రాయడం అయ్యాక, ఐఎమ్ఎక్స్219 లాంటి వాటిలో 0100 రిజిస్టర్‌లో 1 వేయగానే చిత్రాలు ప్రవహించడం మొదలవుతుంది. నోకియా, ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ కలిసి రూపొందించిన పాత మొబైల్ కెమెరా ప్రమాణం నుంచి వచ్చిన అలవాటిది. ఆ ఫోన్ల కాలం పోయినా రిజిస్టర్ నంబరు మిగిలింది.

ప్రవాహం మొదలైంది సరే, పట్టుకునేదెలా? ఐఎమ్ఎక్స్219 పూర్తి చిత్రం 3280 పిక్సెళ్ల వెడల్పు, 2464 ఎత్తు, పిక్సెల్‌కు 10 బిట్లు. ఒక్క ఫ్రేము 8 కోట్ల బిట్లు దాటుతుంది. సెకనుకు 15 ఫ్రేములంటే 120 కోట్ల పైచిలుకు. ఊనో గడియారం సెకనుకు 1.6 కోట్ల సార్లు మాత్రమే కొట్టుకుంటుంది. ఈ డేటా ఎంఐపీఐ సీఎస్ఐ-2 అనే పద్ధతిలో, జతలు జతలుగా ఉన్న తీగల మీద, దాదాపు 200 మిల్లీవోల్టుల అతి చిన్న తేడాలుగా వస్తుంది. బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు ఇక్కడ పనికిరావు. జతలోని రెండు దారులూ సమాన పొడవుతో, 100 ఓమ్‌ల ఇంపెడెన్స్‌తో ఉండేలా ఒక చిన్న అడాప్టర్ బోర్డు గీయించుకోవాలి. దాని మీదికి కావలసిన కనెక్టర్ చచ్చిన ఫోను బోర్డు మీదే ఉంటుంది, హాట్ ఎయిర్‌తో జాగ్రత్తగా లేపొచ్చు. కెమెరా తీసుకుని బోర్డు పారేసేవాళ్లు తర్వాత ఈ కనెక్టర్ కోసమే ఊరంతా తిరుగుతారు.

అందుకునే వైపు రాస్ప్‌బెర్రీ పై తేలిక దారి. దాని సీఎస్ఐ పోర్టు ఈ పద్ధతి కోసమే ఉంది. పైగా 2013లో వచ్చిన దాని మొదటి కెమెరాలో ఉన్నది ఓవీ5647, 2016లో వచ్చిన రెండోదాంట్లో ఉన్నది ఐఎమ్ఎక్స్219. రెండూ ఫోన్ల తరగతికి చెందిన సెన్సర్లే. మీ మాడ్యూల్‌లో వీటిలో ఒకటి ఉంటే డ్రైవర్ బాధ చాలావరకు తీరినట్టే. ఎఫ్‌పీజీఏతో సొంతంగా పట్టుకునే దారి కూడా ఉంది, కానీ అది ఇంకో చదువు.

కొత్తగా దిగేవాళ్లకు నా సలహా వేరు. 2 మెగాపిక్సెల్, అంతకంటే తక్కువ రకం పాత మాడ్యూళ్లతో మొదలుపెట్టండి. వాటిలో చాలావాటికి ఎనిమిది సమాంతర డేటా లైన్లు, ఒక పిక్సెల్ గడియారం, వరుసకూ ఫ్రేముకూ ఒక్కో సంకేతం, అంతే. ఈఎస్‌పీ32-క్యామ్ బోర్డులతో విరివిగా వచ్చే ఓవీ2640 ఇలాంటిదే, చిత్రాన్ని జేపెగ్‌గా కుదించి మరీ ఇస్తుంది. అంగట్లో విలువ లేని ఆ 2 మెగాపిక్సెల్ ముక్క మన బల్ల మీద 48 మెగాపిక్సెల్ మాడ్యూల్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఏ మాడ్యూల్ అయినా, మొదటి చిత్రం కోసం కటకాన్ని నమ్ముకోవద్దు. చాలా సెన్సర్లకు పరీక్షా చిత్రం పంపే సదుపాయం ఉంటుంది. ఐఎమ్ఎక్స్219లో 0600 దగ్గరి రిజిస్టర్‌తో రంగుల చారలు వస్తాయి. చారలు నిటారుగా కనబడితే తీగలు, గడియారం, ప్యాకెట్లు విప్పే ప్రోగ్రామ్ అన్నీ సరిగా ఉన్నట్టు. చారలు ఏటవాలుగా జారితే వరుస పొడవు లెక్క తప్పింది. ఇక్కడ చాలామందిని పడేసేది 10 బిట్ల పిక్సెళ్ల మూట. నాలుగు పిక్సెళ్లు అయిదు బైట్లలో వస్తాయి. మొదటి నాలుగు బైట్లలో ఒక్కో పిక్సెల్ పై ఎనిమిది బిట్లు, అయిదో బైట్‌లో నాలుగింటి అడుగు రెండేసి బిట్లు.

ఆ తర్వాత అసలు దృశ్యం వస్తుంది, మసకగా, పచ్చపచ్చగా, గళ్లు గళ్లుగా. కంగారు పడనక్కర్లేదు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు వచ్చిన అమరిక ప్రకారం, ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండింటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం ఫిల్టర్లు ఉంటాయి. వెలుతురు లేనప్పుడు కూడా సెన్సర్ చూపించే చీకటి విలువ తీసేసి (ఐఎమ్ఎక్స్219లో అది 64), పక్క పిక్సెళ్ల నుంచి లేని రంగులు లెక్కగట్టి, తెలుపును సరిదిద్దాలి. ఫోను ఇదంతా మనకు తెలియకుండా చేసేది. ఫోను ఫోటోలో మనం మెచ్చుకున్న అందంలో ఎంత భాగం కటకానిది, ఎంత భాగం లెక్కలది అన్నది ఇక్కడ బాగా తెలిసొస్తుంది.

ఫోకస్ మోటారు మాటకొస్తే, దాని డ్రైవర్ చిప్పు మాడ్యూల్‌లోనే ఉంటే అదీ అదే ఐ2సీ మీద వేరే చిరునామాతో పలుకుతుంది. విరివిగా వాడే డీడబ్ల్యూ9714 అయితే హెక్సాలో 0సీ. దానికి 0 నుంచి 1023 వరకు ఒక అంకె పంపితే కటకం ఆ మేరకు కదులుతుంది. సెన్సర్ నుంచి చిత్రం రాకముందే దీన్ని నడిపి చూడొచ్చు.

ఎంత ప్రయత్నించినా సెన్సర్ పలకకపోతే కటకాలను పారేయకండి. ఆ దొంతరను తిరగేసి, బాగున్న మరో ఫోను కెమెరా ముందు ఆనిస్తే చిన్న మైక్రోస్కోపు తయారవుతుంది. 2014లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పద్ధతిని పరీక్షించి ప్రచురించారు. రెండు కటకాలూ ఒకే రకమైతే వస్తువు సెన్సర్ మీద అసలు కొలతతోనే పడుతుంది. పిక్సెళ్లు మైక్రాన్ చుట్టుపక్కల కొలతలో ఉంటాయి కాబట్టి ఆ మాత్రం చాలు. వస్తువును మాత్రం కటకానికి బాగా దగ్గరగా పెట్టాలి, వెలుతురు వెనక నుంచి రావాలి.