గెల కోశాక ఏం మిగులుతుంది? జంగారెడ్డిగూడెం మెట్ట విశేషాలు

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఆయిల్‌పామ్ తోటల్లో గెలలు నిండుగా కట్టడానికి కారణం ఒక చిన్న ముక్కుపురుగు. శాస్త్రవేత్తలు దాన్ని ఎలిడోబియస్ కామెరూనికస్ అంటారు. పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. ఆయిల్‌పామ్‌లో మగ పూగుత్తులు, ఆడ పూగుత్తులు ఒకే చెట్టుకు వేర్వేరు సమయాల్లో వస్తాయి. ఈ పురుగు తినేదీ గుడ్లు పెట్టేదీ మగ పూలలోనే. వాటికి సోంపు వాసన ఉంటుంది. ఆడ పూలు విచ్చుకున్నప్పుడు అవీ అదే వాసన వదులుతాయి. పురుగు మోసపోయి వాటిమీద వాలుతుంది, ఒంటికి అంటుకున్న పుప్పొడి అక్కడ రాలుతుంది, కాయ కడుతుంది.

మలేసియాలో తోటలు వేసినవాళ్లు ఆఫ్రికా నుంచి చెట్టును తెచ్చుకున్నారు గానీ పురుగును తెచ్చుకోలేదు. గాలికే పుప్పొడి చేరుతుందని చాలాకాలం నమ్మారు. దిగుబడి కోసం కూలీలు చెట్టుచెట్టుకూ తిరిగి చేత్తో పుప్పొడి చల్లేవారు. ఆ పని చేసేది గాలి కాదు, పురుగేనని కామెరూన్ తోటల్లో గమనించి తేల్చిన మనిషి పాకిస్థాన్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త రెహమాన్ సయ్యద్. 1981లో మలేసియాలోనూ, 1985లో మన కేరళలోనూ పురుగును వదిలారు. తర్వాత అది ఆంధ్ర తోటలకు చేరింది. రైతు దానికి కూలి ఇవ్వడు, తిండి పెట్టడు. పైరు మీద మందు కొట్టేముందు ఈ పురుగును ఒక్కసారి తలుచుకోవాలి.

పంటలు, పురుగులు, సూక్ష్మజీవులు, అడవి సరుకుల నుంచి ఇంధనం, మందులు, దారాలు, రసాయనాలు తీసి సంపాదించడాన్నే ఇప్పుడు బయోఎకానమీ అంటున్నారు. ఢిల్లీ లెక్కల ప్రకారం మన దేశంలో దీని విలువ 2014లో 1000 కోట్ల డాలర్లు, 2024కు 16,500 కోట్ల డాలర్లు దాటింది. 2030కి 30,000 కోట్ల డాలర్లు లక్ష్యం. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం బయోఈ3 అనే విధానాన్ని ఆమోదించింది. 2024 అంకెలో ఇథనాల్, ఎంజైముల వంటి పారిశ్రామిక సరుకులదే దాదాపు సగం వాటా. వాటి ముడిసరుకు మొక్కజొన్న, చెరకు, నూకలు. అంటే పొలం మనలాంటి ఊళ్లదే. ఫ్యాక్టరీ ఎక్కడ, లాభం ఎవరిది అన్నదే అసలు లెక్క.

*

కోసిన గెలను 24 గంటల్లో మిల్లుకు చేర్చాలి. కాయ నలిగిన చోట లైపేజ్ అనే ఎంజైము పని మొదలుపెట్టి నూనెను ఆమ్లంగా మారుస్తుంది. ఆలస్యమైన కొద్దీ నూనె నాణ్యత పడిపోతుంది. అందుకే ఈ పంట ఎక్కడ ఉంటే మిల్లు అక్కడికే రావాలి. పెదవేగిలో, యర్నగూడెంలో మిల్లులు వెలసింది అలాగే. దేశంలో ఆయిల్‌పామ్ మీద పరిశోధించే జాతీయ సంస్థ కూడా 1995 నుంచి పెదవేగిలోనే ఉంది.

నూరు కిలోల గెలలు మిల్లులోకి వెళితే నూనెగా బయటికొచ్చేది ఇరవై కిలోల లోపే. కాయలు రాల్చేసిన ఖాళీ గెల మరో ఇరవై కిలోలకు పైగా ఉంటుంది. పీచు, గింజపెంకు వేరే. పీచును, పెంకును బాయిలర్లో మండించి మిల్లు తన ఆవిరి తానే చేసుకుంటుంది. ఖాళీ గెలలో పొటాష్ దండిగా ఉంటుంది. మన దేశం ఎరువుగా వాడే పొటాష్ దాదాపు మొత్తం విదేశాల నుంచి కొనేదే. కెనడా నుంచో రష్యా నుంచో ఓడలో వచ్చిన పొటాష్‌ను చెట్టు మొదట్లో వేసి, గెలతో పాటు మిల్లుకు పంపి, ఖాళీ గెల మాత్రం వెనక్కి తెచ్చుకోకపోతే రైతు ఆ ఎరువును మళ్లీ కొనాల్సిందే. గెలలు దించిన ట్రాక్టర్ ఖాళీగా తిరిగి రావడం నాకు ఏమాత్రం నచ్చని విషయం.

రైతుకు గెల ధర కట్టేది ఓఈఆర్ మీద, అంటే గెలలో నూనె శాతం మీద. ఆ శాతంలో అర పాయింటు తేడా వచ్చినా టన్ను మీద వచ్చే డబ్బు మారిపోతుంది. పొరుగున తెలంగాణలో ఎంత ప్రకటించారో చూసుకుని ఇక్కడి రైతులు పట్టుబట్టి అడిగేది దీని గురించే. 1993లో రాష్ట్రం ఆయిల్‌పామ్‌కు ప్రత్యేక చట్టమే చేసింది. ఏ మండలం గెలలు ఏ మిల్లుకు వెళ్లాలో దాని కిందే నిర్ణయిస్తారు. కేంద్రం 2021లో 11,040 కోట్ల రూపాయలతో జాతీయ ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది.

*

ఒక లెక్క. ఎకరానికి 57 ఆయిల్‌పామ్ మొక్కలు. ఎండాకాలంలో పెద్ద చెట్టుకు రోజుకు కనీసం 200 లీటర్ల నీళ్లు. మొత్తం 11,400 లీటర్లు, ఎకరానికి, ఒక్క రోజుకు. డెల్టాలో కాలువ ఉంది. మెట్టలో బోరు తప్ప దిక్కులేదు. కొంగువారిగూడెం దగ్గర ఎర్రకాలువ జలాశయం ఉన్నా అది తడిపేది కొంత మేరకే. ఏ జీవ ఇంధనం లెక్క వేసినా, ఎంత పెట్రోలు ఆదా అయిందో చెప్పేముందు భూమిలోంచి ఎన్ని అడుగుల నీరు లాగామో చెప్పాలి. డ్రిప్పు లేని ఆయిల్‌పామ్ తోటకు ఇక్కడ అనుమతే ఇవ్వకూడదని నా అభిప్రాయం.

*

కొబ్బరి, ఆయిల్‌పామ్ చెట్ల నీడలో కోకో పెరుగుతుంది. దేశంలో కోకో ఎక్కువగా పండే రాష్ట్రం మనదే, అందులో ఏలూరు జిల్లాది పెద్ద చెయ్యి. చాక్లెట్ రుచి గింజలో పుట్టుకతో ఉండదు. కాయ పగలగొట్టి, తెల్లటి తీపి గుజ్జుతో సహా గింజలను కుప్పపోసి కప్పితే మొదట ఈస్టులు, తర్వాత లాక్టిక్, ఎసిటిక్ బ్యాక్టీరియాలు పనిచేస్తాయి. కుప్ప లోపల వేడి 45 నుంచి 50 డిగ్రీల దాకా వెళుతుంది. గింజ మొలకెత్తే శక్తి పోతుంది, చేదు తగ్గుతుంది, వాసన మొదలవుతుంది. ఐదారు రోజుల ఈ పులియబెట్టడంలోనే సరుకు తరగతి తేలిపోతుంది.

ఏళ్ల తరబడి మన గింజలు పొడి, వెన్న చేసే కంపెనీలకు మామూలు సరుకుగా వెళ్లాయి. ఇప్పుడు తడికలపూడిలో రైతుల నుంచి పచ్చి గింజలు తీసుకుని శాస్త్రీయంగా పులియబెట్టే కేంద్రం నడుస్తోంది. ఆ గింజలతో హైదరాబాద్‌లో ‘మనం’ అనే పేరుతో చాక్లెట్ తయారవుతోంది. బంజారాహిల్స్‌లోని వాళ్ల కార్ఖానాను టైమ్ పత్రిక 2024లో ప్రపంచంలోని గొప్ప ప్రదేశాల జాబితాలో చేర్చింది. మెట్ట కోకో పేరు పెట్టె మీద అచ్చయి అమ్ముడవడం చూస్తే నిజంగా సంతోషం వేస్తుంది.

ధర మాటకొస్తే, 2024లో పశ్చిమాఫ్రికా పంట దెబ్బతిని కిలో ఎండు గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. ఏడాది తిరిగేసరికి ధర సగానికి పడిపోయి రైతులు రోడ్డెక్కారు.

కోకో కాయ బరువులో మూడొంతులు పైపెంకే. అదీ పొటాష్ ఉన్న సరుకే. కానీ తోటలో కుప్పగా వదిలేస్తే నల్లకాయ తెగులుకు నిలయమవుతుంది. దూరంగా, వేడెక్కేలా కంపోస్టు చేస్తేనే ఎరువు.

*

జీలుగుమిల్లిలో పొగాకు పరిశోధన కేంద్రం ఉంది. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా మొదలైన సంస్థకు అది శాఖ. ఉత్తర తేలిక నేలల వర్జీనియా పొగాకుకు జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి, గోపాలపురం వేలం కేంద్రాలు. కిలో ఆకు బ్యారన్‌లో ఆరడానికి నాలుగైదు కిలోల పుల్ల కావాలి. చుట్టుపక్కల అడవి పలచబడటంలో ఆ పొగకూ వాటా ఉంది.

అదే పొగాకులో సొలనెసాల్ అనే పదార్థం ఉంది. గుండె రోగులకు రాసే కోఎంజైమ్ క్యూ10 తయారీకి అది ముడిసరుకు. విటమిన్ కె2కు కూడా. గ్రాము తూకానికి పదివేలకు పైగా తూగే పొగాకు గింజల్లో మూడో వంతుకు మించి నూనె ఉంటుంది, అందులో నికోటిన్ ఉండదు. రాజమండ్రి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఈ దారుల మీద పనిచేశారు. సిగరెట్ తగ్గాల్సిందే, తగ్గాలి కూడా. ఆ రోజున పొగాకు రైతు చేతిలో ఏం పెడతామన్నదానికి ఈ పరిశోధన ఒక జవాబు. ఇన్నేళ్లయినా అది వేలం కేంద్రం గడప దాటి లోపలికి రాకపోవడం బాధాకరం.

*

బుట్టాయగూడెం వైపు జీడితోటల్లో పప్పు కోసం పగలగొట్టే పెంకులో బరువుకు నాలుగో, ఐదో వంతు నూనె ఉంటుంది. చేతిమీద పడితే చర్మం కాలి పొక్కుతుంది. ఆ నూనెను శుద్ధి చేస్తే వచ్చే కార్డనాల్ రంగుల్లో, వార్నిష్‌లలో, లారీల బ్రేకు లైనింగుల్లో వాడతారు. జీడిమామిడి పండు మాత్రం ఇంకా చాలాచోట్ల చెట్టు కిందే కుళ్లిపోతోంది.

*

గురవాయిగూడెంలో ఎర్రకాలువ ఒడ్డున ఆంజనేయస్వామి వెలసింది మద్దిచెట్టు కింద. మంగళవారాలు ఎంత జనమో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. అదే మద్ది ఆకు మేసి దసలి పట్టుపురుగు గూడు కడుతుంది. గోదావరికి ఎగువన మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో గిరిజనులు మద్దిచెట్ల మీదే ఈ పురుగుల్ని పెంచుతారు, కాకులు, పిట్టలు తినేయకుండా పగలంతా కాపలా కాస్తారు. మల్బరీ లాగా ఆకు కోసి ఇంట్లో మేపే పని కాదు. చెట్టు బతికి ఉంటేనే ఆదాయం కాబట్టి అడవిని నరకాల్సిన అవసరం లేని జీవనాధారం ఇది.

*

తాడి, జీలుగు చెట్ల నుంచి తెల్లవారుజామున దించిన నీరా తియ్యగా ఉంటుంది. గాలిలోని ఈస్టు చేరి పొద్దెక్కేసరికి కల్లవుతుంది. చల్లగా ఉంచి ఆ మార్పును ఆపడం, బెల్లంగా, పాకంగా మార్చడం మీద రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. ఏజెన్సీలో ఆడవాళ్లు చేతిలో పెట్టుకోగల పరిశ్రమల్లో తాటిబెల్లానికే నా మొదటి ఓటు.

*

బయోఎకానమీ అనే మాట రాకముందే గోదావరి జిల్లాల్లో ఆ పని జరిగింది. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ తణుకులో ఆంధ్రా షుగర్స్ పెట్టారు. చెరకు నుంచి చక్కెర, మిగిలిన మొలాసిస్ నుంచి ఆల్కహాల్, ఆల్కహాల్ నుంచి ఎసిటిక్ ఆమ్లం. చివరికి ఆ కంపెనీ ఆస్పిరిన్ దాకా వెళ్లింది. మన జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయిలోనూ చక్కెర మిల్లు కట్టారు. తర్వాత చెరకు వేసిన పొలాలు చాలావరకు పామాయిల్ తోటలయ్యాయి.

*

2016లో పొల్లాచ్చి వైపు మొదట కనిపించి, కడియపులంక నర్సరీల మీదుగా మన కొబ్బరికీ ఆయిల్‌పామ్‌కూ పాకింది సర్పిలాకార తెల్లదోమ. ఆకు అడుగున, అంత ఎత్తున ఉన్నదానికి మందు కొట్టడం కష్టం, కొడితే మిత్రపురుగులు చస్తాయి. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఐసేరియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకిచ్చింది. అది దోమ ఒంటిమీద మొలిచి దాన్ని చంపుతుంది. సాయంత్రం, గాలిలో తేమ ఉన్నప్పుడు చల్లాలి.

*

భీమవరంలో 1895లో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ దగ్గర లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు అధిపతిగా ఉన్నప్పుడు దేశదేశాల మట్టి నమూనాలు తెప్పించి అందులోని సూక్ష్మజీవుల్ని పరీక్షించారు. అమెరికాలోని మిస్సోరీలో ఒక గడ్డిచేను మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి 1945లో ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. ఒక శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరే పెట్టారు. చేలోని మట్టిలో ఏముందో వెతికే ఆ పద్ధతికి ఇప్పుడు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. జంగారెడ్డిగూడెం డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చదివే పిల్లలు ఎర్రకాలువ గట్టు మట్టితో, పది పెట్రీ పళ్లాలతో మొదలుపెట్టొచ్చు.