తుప్పు – చట్టం – చిత్తశుద్ధి

ఇనుము అన్నాక తుప్పు పడుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి బి.ఎస్సీ. చదవనక్కరలేదు. పలుగూ పారా పట్టిన ప్రతివారికీ తెలుసు. మాది కోనసీమలో వ్యవసాయ కుటుంబం. పొలంలో పని తెమలగానే మా నాన్న కొడవళ్లూ పారలూ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వాడేసిన ఇంజనాయిలు ఇంత పూసి అటక మీద పెడతారు. "ఏటేటా ఎందుకు నాన్నా ఈ చాకిరీ?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "తుప్పు చెప్పి రాదురా అబ్బాయ్. మనమే గుర్తుపెట్టుకుని చూసుకోవాలి" అన్నారు.

ఈ ఏడు క్లాసులో విద్యుద్రసాయనశాస్త్రం చెబుతూ మా మాస్టారు, తుప్పును అరికట్టడం పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదనీ, కొన్నిచోట్ల అది చట్టం కూడా అనీ అన్నారు. ఆ మాట పట్టుకుని వెదుకుతూ పోతే అమెరికాలోని ఎల్.ఎన్.జి. కర్మాగారాల నిబంధనలు దొరికాయి. చదివితే మా నాన్న అన్న మాటే అక్కడ సెక్షన్లుగా, సబ్‌సెక్షన్లుగా కనబడింది. ఆ కథే ఈ వ్యాసం.

ఎల్.ఎన్.జి. అంటే ఏమిటి?

మన వంటింటి సిలిండరులో ఉండేది ఎల్.పి.జి. అది ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. ఎల్.ఎన్.జి. వేరు. అది ద్రవంగా మార్చిన సహజవాయువు. అందులో ముఖ్యంగా ఉండేది మీథేన్. మీథేన్‌ను మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఎంత నొక్కినా ద్రవం కాదు. మైనస్ 162 డిగ్రీల సెంటీగ్రేడు దాకా చల్లబరిస్తే, మామూలు పీడనం దగ్గరే ద్రవమవుతుంది. అప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 600వ వంతుకు తగ్గిపోతుంది. అంటే ఆరువందల బిందెల వాయువు ఒక్క బిందెలో పడుతుందన్నమాట. అందుకే గొట్టాలు వేయలేనంత దూరాలకు దాన్ని ఓడల్లో పంపుతారు. దిగిన రేవులో మళ్లీ వేడిచేసి, వాయువుగా మార్చి గొట్టాల్లోకి వదులుతారు.

అంత చలిలో తుప్పేమిటి?

నాకూ మొదట ఇదే సందేహం వచ్చింది. తుప్పు పట్టడానికి నీరు కావాలి, ఆక్సిజన్ కావాలి. మైనస్ 162 దగ్గర నీరు రాయిలా గడ్డకట్టి ఉంటుంది. మరి తుప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది?

జవాబు ఏమిటంటే, కర్మాగారం అంతా అంత చల్లగా ఉండదు. ద్రవాన్ని తాకే లోపలి ట్యాంకును 9 శాతం నికెల్ కలిపిన ఉక్కుతో కడతారు. చల్లటి గొట్టాలకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. కాని వాటి చుట్టూ ఉండే స్తంభాలు, బోల్టులు, మంటలార్పే నీటి గొట్టాలు, భూమిలో పాతిన గ్యాసు గొట్టాలు చాలావరకు మామూలు ఉక్కువే. పైగా ఓడ రావాలి కాబట్టి కర్మాగారం సముద్రపు ఒడ్డునే ఉండాలి. ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో మా వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రెండేళ్లు నిలబడిన ఏ ఇనుప చట్రాన్ని చూసినా తెలుస్తుంది.

ఇంతకన్నా మోసకారి తుప్పు ఇంకొకటి ఉంది. చల్లదనం పోకుండా గొట్టాల చుట్టూ మందమైన తొడుగు చుట్టి, పైన రేకు బిగిస్తారు. ఆ రేకు ఎక్కడో చిన్నగా విచ్చుకుంటుంది. తేమ లోపలికి పోతుంది. గొట్టం చల్లగా ఉన్నంతసేపు అది మంచు. పని ఆపినప్పుడు గొట్టం వెచ్చబడితే అదే మంచు నీరవుతుంది. ఆ నీరు బయటికి పోయే దారి ఉండదు. పైన రేకు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది, అడుగున లోహం తినివేయబడుతూ ఉంటుంది. తొడుగు విప్పి చూస్తే తప్ప, లేదా తగిన పరికరంతో పరీక్షిస్తే తప్ప ఆ సంగతి బయటపడదు.

తనను తాను అర్పించుకునే జింకు

మన సిలబస్‌లో ఉన్న సంగతే. తుప్పు అంటే ఒక చిన్న బ్యాటరీ. ఇనుము ఎక్కడ ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుందో అది ఆనోడు. కరిగిపోయేది అక్కడే. ఆ ఎలక్ట్రాన్లను మనమే బయటినుంచి అందిస్తే ఇనుము కరగదు. దీనికే కాథోడిక్ రక్షణ అని పేరు.

ఈ ఉపాయం 1824లోనే సర్ హంఫ్రీ డేవీకి తట్టింది. బ్రిటిష్ యుద్ధనౌకల అడుగున వేసిన రాగి రేకులు ఉప్పునీటికి కరిగిపోతుంటే, వాటికి జింకు, ఇనుము ముక్కలు తగిలించాడు. రాగి కరగడం ఆగింది. కాని కరిగే రాగి విషానికి ఇంతకాలం దూరంగా ఉన్న సముద్రజీవులు ఇప్పుడు హాయిగా ఓడ అడుగున కాపురం పెట్టాయి. ఓడలు మెల్లగా నడవసాగాయి. సైన్సులో ఒక రోగం కుదిర్చితే ఇంకొకటి పుట్టడం కొత్తేమీ కాదు.

నేడు పాతిన గొట్టాలకు రెండు పద్ధతులున్నాయి. మెగ్నీషియం, జింకు వంటి లోహాలను గొట్టానికి కలిపి పాతిపెడితే గొట్టానికి బదులు అవి కరుగుతాయి. లేదా రెక్టిఫయరు పెట్టి ఏకముఖ విద్యుత్తును పంపుతారు. రక్షణ అందుతోందా లేదా అని కాపర్ సల్ఫేట్ అర్ధఘటంతో కొలుస్తారు. ఉక్కు మైనస్ 0.85 వోల్టు గాని, అంతకన్నా ఎక్కువ రుణాత్మకంగా గాని ఉండాలని వాడుకలో ఉన్న ఒక కొలత.

ఇందులో ఒక చిక్కు ఉంది. రెక్టిఫయరు ఆగిపోతే రక్షణ పోతుంది, కాని ఎక్కడా చప్పుడు కాదు, వాసన రాదు. తీగలు తారుమారుగా కలిపితే ఇంకా ఘోరం. గొట్టమే ఆనోడై, ఏమీ చేయకుండా వదిలేసినదానికన్నా వేగంగా కరిగిపోతుంది. కాబట్టి యంత్రం పెట్టడంతో పని అయిపోదు. దాన్ని చూస్తూ ఉండాలి. ఎవరు చూడాలి? ఎన్నాళ్లకోసారి చూడాలి? చూశారని మనకెలా తెలుస్తుంది? సరిగ్గా ఇక్కడే చట్టం రంగంలోకి వస్తుంది.

చట్టం పుట్టుక

1944 అక్టోబరు 20న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఒక ఎల్.ఎన్.జి. ట్యాంకు పగిలింది. ద్రవం వీధుల్లోకి, మురుగుకాల్వల్లోకి పారి అంటుకుంది. సుమారు 130 మంది చనిపోయారు. ఆ ట్యాంకు ఉక్కులో నికెల్ 3.5 శాతమే. అంత చలికి అది పెళుసెక్కే ఉక్కు. 1973 ఫిబ్రవరి 10న న్యూయార్కు స్టేటెన్ ఐలాండ్‌లో ఖాళీ చేసి మరమ్మతు చేస్తున్న ట్యాంకులో మంట పుట్టి, లోపలున్న 40 మంది మరణించారు. ఈ రెండింటికీ కారణం తుప్పు కాదు. కాని కట్టడంలోనూ, మరమ్మతులోనూ యజమాని ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో అవి చూపించాయి. 1979లో అమెరికన్ కాంగ్రెసు చట్టం చేసింది. 1980లో ఆ దేశపు రవాణాశాఖ నిబంధనలు వెలువరించింది. 49వ శీర్షికలో 193వ భాగం అంటే అవే. వాటి అమలు ఇప్పుడు ఫింసా అని పిలిచే పైపులైన్ల, ప్రమాదకర పదార్థాల భద్రతా సంస్థ చేతిలో ఉంది.

చట్టం ఏమంటుంది?

ఫలానా గొట్టానికి ఫలానా రంగు వెయ్యి అని ఈ చట్టం చెప్పదు. నీ కర్మాగారంలో తుప్పు వల్ల దెబ్బతినగల లోహభాగాలు ఏవో ముందు నువ్వే తేల్చుకో అంటుంది. వాటిని తుప్పు పట్టకుండా కాపాడాలి, లేదా ఒక కార్యక్రమం ప్రకారం తనిఖీ చేసి మార్చాలి. ఆ పద్ధతులన్నీ రాతపూర్వకంగా ఉండాలి. తుప్పు నివారణలో శిక్షణ, అనుభవం ఉన్నవారి ఆధ్వర్యంలోనే ఆ పనులు జరగాలి.

ఇక గడువులు. కాథోడిక్ రక్షణలో ఉన్న పాతిన భాగాలను సంవత్సరానికి ఒకసారి, 15 నెలలకు మించకుండా పరీక్షించాలి. రెక్టిఫయర్లను సంవత్సరానికి ఆరుసార్లు, రెండున్నర నెలలకు మించకుండా చూడాలి. గాలికి తుప్పు పట్టే భాగాలను మూడేళ్లకు మించకుండా తనిఖీ చేయాలి.

'ఏడాదికొకసారి' అన్నాక మళ్లీ '15 నెలలకు మించకుండా' ఎందుకు? నాకు ఇది చాలా నచ్చింది. ఏడాదికొకసారి అని మాత్రమే రాస్తే, గడుసువాడు ఈ ఏడు జనవరిలో చూసి, వచ్చే ఏడు డిసెంబరులో చూస్తాడు. రెండేళ్లలో రెండుసార్లు చూసినట్టే లెక్క. కాని మధ్యలో 23 నెలలు గడిచిపోతాయి. అలాగే ఆరుసార్లు అని మాత్రమే అంటే, ఆరూ డిసెంబరు ఆఖరివారంలో కానిచ్చేస్తాడు. పరీక్షల ముందు రోజు రాత్రి రికార్డు పూర్తిచేసే మన సంగతి ఆ నిబంధన రాసినవారికి బాగా తెలుసనిపిస్తుంది!

తుప్పు అదుపులో లేదని తెలిసిన వెంటనే సరిచేయాలి. ప్రతి పరీక్షనూ రాసిపెట్టాలి. మామూలు మరమ్మతుల రికార్డులు అయిదేళ్లు ఉంచితే చాలు. తుప్పు పరీక్షల రికార్డులు మాత్రం ఆ కర్మాగారం పనిచేసినన్నాళ్లూ ఉండాలి. ఎందుకంటే తుప్పు మెల్లని రోగం. ఈనాటి కొలతకు అర్థం తెలియాలంటే పదేళ్ల కిందటి కొలత పక్కన ఉండాలి.

తనిఖీ అధికారి వచ్చి మూడు సంగతులు చూస్తాడు. రాసిన పద్ధతి సరిపోతుందా? రాసినట్టే చేస్తున్నారా? చేసినదానికి రుజువుందా? పద్ధతే చాలకపోతే దాన్ని మార్చమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికుంది. ఇక్కడే ఈ ఏర్పాటు బలమూ, బలహీనతా రెండూ ఉన్నాయి. ఏ రెండు కర్మాగారాలూ ఒకలా ఉండవు కాబట్టి పద్ధతి యజమానే రాసుకోవడం సబబు. కాని అధికారి ప్రతి బోల్టూ విప్పి చూడలేడు. చివరికి అతను చదివేది కాగితాన్ని. కాగితం అబద్ధమాడితే చట్టం గుడ్డిదవుతుంది.

పద్ధతి లోపిస్తే ఏమవుతుందో 2022 జూన్ 8న టెక్సాస్‌లోని ఫ్రీపోర్ట్ ఎల్.ఎన్.జి.లో తెలిసింది. రెండు వాల్వుల మధ్య ద్రవం చిక్కుకుపోయింది. ఒత్తిడి పెరిగితే తెరుచుకోవలసిన రక్షణ వాల్వుకు దారి మూసి ఉంది. ద్రవం వేడెక్కి, వ్యాకోచించి, గొట్టం పేలింది. అదృష్టవశాత్తూ ఎవరికీ గాయాలు కాలేదు. కాని కర్మాగారం మళ్లీ నడవడం మొదలయ్యేసరికి 2023 ఫిబ్రవరి వచ్చింది. అక్కడ తప్పు లోహానిది కాదు. వాల్వును పరీక్షించాక దాన్ని తిరిగి యథాస్థితిలో పెట్టారా అని పట్టి చూసే పద్ధతి సరిగా లేకపోవడమే.

ఒక ఒప్పుకోలు

ఇంతవరకు అమెరికా సంగతి చెప్పాను. ఇప్పుడు నా సంగతి.

పోయిన ఏడు ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ చేస్తూ ఒక్క రీడింగు తీసి, మిగతా రెండూ వండేశాను. 18.2, 18.3, 18.2. ఎంత చక్కగా కుదిరాయో! రికార్డు మీద సంతకం కూడా పడింది. తీరా నా జవాబు పక్కవాళ్ల జవాబులతో కలవలేదు. ఎందుకా అని చూస్తే, నేను తీసిన ఆ ఒక్క రీడింగే తప్పు. మొదలుపెట్టేటప్పుడు బ్యూరెట్టు కొసలో గాలిబుడగ ఉంది, నేను చూసుకోలేదు. రెండోసారి నిజంగా చేసి ఉంటే అంకె మారేది, తప్పు పట్టుబడేది. నేను వండిన రెండు అంకెలూ చేసిన పని ఒక్కటే, తప్పుకు సాక్ష్యం చెప్పడం.

నాకు పోయింది నాలుగు మార్కులు. కాని ఎక్కడో ఒక ఉద్యోగి ఎండకు బద్ధకించి, రెక్టిఫయరు దగ్గరికి పోకుండానే కిందటిసారి రీడింగును మళ్లీ రాస్తే? అతని చేతికీ నా చేతికీ తేడా ఏముంది?

మన దగ్గర

ఇదంతా పరాయి దేశపు గొడవ కాదు. దహేజ్‌లో 2004 నుంచీ, హజీరాలో 2005 నుంచీ ఎల్.ఎన్.జి. ఓడలు దిగుతున్నాయి. మన తూర్పు తీరాన ఎన్నూరులో 2019లో, ఒడిశాలోని ధామ్రాలో 2023లో టెర్మినళ్లు మొదలయ్యాయి. 2006 నాటి చట్టంతో ఏర్పడిన పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు 2018లో ఎల్.ఎన్.జి. కేంద్రాలకు భద్రతా ప్రమాణాలు ప్రకటించింది. అంటే కాగితం మన దగ్గరా ఉంది.

కాని తుప్పు అనగానే నాకు గుర్తొచ్చేది మా కోనసీమలోని నగరం గ్రామమే. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ సహజవాయువు గొట్టం పగిలి అంటుకుంది. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఇళ్లూ కొబ్బరిచెట్లూ మాడిపోయాయి. అది ఎల్.ఎన్.జి. కాదు, మామూలు వాయువే. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో నీరు కలిసిన వాయువు పోవడం, లోపలినుంచి తుప్పు తినేయడం విచారణలో బయటపడ్డాయి. నేనప్పుడు చిన్నపిల్లవాణ్ణి. మా ఊరికి అది దూరమే. అయినా చాలా రోజులు మా అమ్మ పొయ్యి వెలిగించేముందు వాకిట్లోకి వచ్చి గాలి వాసన చూసేది. మీథేన్‌కు వాసన ఉండదని నాకు కాలేజీకి వచ్చాకే తెలిసింది. ఆ మాట అమ్మకు ఇంతవరకు చెప్పలేదు.

మీథేన్‌కు వాసన లేదు. తుప్పుకు చప్పుడు లేదు. గొట్టం పక్కన బతికే రైతుకు అవి తెలిసే దారి లేదు. అతని తరఫున ఎవరో ఒకరు వెళ్లి చూసి, చూసినది చూసినట్టు రాయాలి. ఆ ఒకరు రేపు మనలోనే ఎవరో కావచ్చు. సైన్సు చదివిన మనకు కర్మాగారాల్లో దొరికే మొదటి ఉద్యోగం సాధారణంగా అదే. రీడింగు తీసి రిజిస్టరులో రాయడం.

ఈ ఏడు నా రికార్డులో ఒక పేజీలో మూడు రీడింగులూ కలవలేదు. కలవనట్టే రాశాను. మాస్టారు ఎర్రసిరాతో 'మళ్లీ చెయ్యి' అని రాశారు.

మళ్లీ చేశాను.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం (రసాయనశాస్త్రం)